మిస్ పెర్ల్ ముందుగదిలో మంచం

2023 జూన్ నెల. భూగోళానికి దక్షిణపు కొసన ఉన్న ఈ దేశంలో జూన్ అంటే చలికాలం. క్రైస్ట్‌చర్చ్‌లో చలి అప్పుడే ఎముకల్లోకి దిగుతోంది. నేను పనిచేసేది రీహాబ్ వార్డులో. ఆపరేషన్లు అయ్యాక పెద్దవాళ్ళను మళ్ళీ లేపి, నడిపించి, ఇళ్ళకు పంపే వార్డు అది. ఆ వారం తుంటి ఎముక విరిగినవాళ్ళే ఎక్కువ. మంచు పేరుకున్న మెట్ల మీద జారినవాళ్ళు కొందరు, పిల్లి అడ్డం వచ్చి పడినవాళ్ళు కొందరు. ఎనభై రెండేళ్ళ మిస్ పెర్ల్ మాత్రం ఉతికిన కర్టెన్లు తగిలిస్తూ స్టూలు మీదినుంచి పడ్డారు.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును. ఒంగోలు వెళ్ళినప్పుడు ఎవరైనా అడిగితే ఈ మాట చెప్పి, వాళ్ళ ముఖం చూసి, "ఫిజియోథెరపీ లాంటిదేలెండి" అని ఊరుకుంటాను. నిజానికి లాంటిది కాదు. ఫిజియో కాలును నడిపిస్తాడు. ఆ కాలు ఇంట్లో ఎక్కడెక్కడికి నడవాలి, స్నానం ఎలా చెయ్యాలి, పొయ్యి దగ్గర ఎలా నిలబడాలి అన్నది నా పని. ఇల్లు చూసి, కొలతలు తీసి, ఈ మనిషి ఈ ఇంట్లో ఉండగలరనో, ఉండలేరనో రాసి సంతకం పెడతాను. మనిషి సొంతింటికి వెళ్ళడమా, రెస్ట్ హోముకు వెళ్ళడమా అన్నది చాలావరకు ఆ సంతకం మీదే ఆధారపడుతుంది. రెస్ట్ హోమంటే మన వృద్ధాశ్రమమే, కాస్త శుభ్రంగా ఉంటుంది. పదిహేడేళ్ళుగా పెడుతున్నాను ఆ సంతకం. ఇంత అనుభవం ఉన్నదాన్ని, ఇంత పెద్ద తప్పు ఎలా చేశానా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక్కడ తొంభై ఏళ్ళవాళ్ళనైనా పేరు పెట్టి పిలవడమే పద్ధతి. మొదట్లో నాకు నోరు వచ్చేది కాదు, తర్వాత అలవాటైపోయింది. మొదటిరోజు ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళి "హాయ్ పెర్ల్" అన్నాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని నన్ను కిందినుంచి పైదాకా చూశారు.

"నీది ఏ దేశం అమ్మాయీ?"

"ఇండియా అండీ."

"అక్కడ మీ అమ్మ వయసువాళ్ళను ఇలాగే పేరు పెట్టి పిలుస్తావా?"

"అయ్యబాబోయ్, వీపు విమానం మోత మోగుతుంది."

"అయితే నేను మిస్ పెర్ల్‌ని," అన్నారు. ఆవిడకు పెళ్ళయింది, భర్త పోయారు, మనవలు కూడా ఉన్నారు. అయినా మిస్సే. వాళ్ళ దేశంలో పెద్దవాళ్ళ పేరు ముందు ఆ మాట పెట్టకపోతే మనం 'గారు' మర్చిపోయినట్టే. ఆ దేశం బార్బడోస్. వెస్టిండీస్ అంటే మనకు క్రికెట్ ఒక్కటే గుర్తొస్తుంది కాబట్టి నేనూ క్రికెట్ సంగతే ఎత్తాను. "ఆ గోల అంతా మా ఆయనది, ఆయన పోతూ పోతూ పట్టుకుపోయాడు," అన్నారు. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే. ఆవిడ ఇంగ్లీషులో ఒక ఊపు ఉండేది, ఉయ్యాల మీద కూర్చుని మాట్లాడుతున్నట్టు. నా చెవికి తెలుగులో ఎలా వినిపించిందో అలా రాస్తున్నాను.

మర్నాడు ఆవిడ కూతురు మార్షాతో కలిసి ఇల్లు చూడటానికి వెళ్ళాను. మార్షా ఇంగ్లండులో పుట్టి పెరిగింది, ఇక్కడివాణ్ణి చేసుకుని వచ్చి స్కూలు టీచరుగా స్థిరపడింది. తండ్రి పోయాక తల్లిని కూడా అక్కణ్ణుంచి తెచ్చుకుంది. మిస్ పెర్ల్ అద్దెకు ఉండేది మార్షా ఇంటికి రెండు వీధుల అవతల, 2011 భూకంపం తర్వాత కట్టిన రెండంతస్తుల టౌన్‌హౌస్‌లో. కింద ముందుగది, వెనక వంటిల్లు, చిన్న షవరు. పడగ్గదులు రెండూ పైనే. పద్నాలుగు మెట్లు.

ముందుగది తలుపు తీసి లోపల అడుగు పెట్టాను. క్రైస్ట్‌చర్చ్ ఎక్కడికో వెళ్ళిపోయింది. ప్లాస్టిక్ కవరు తొడిగిన మెరూన్ సోఫా, అదే రంగు కుర్చీలు. అద్దాల బీరువాలో ఎన్నడూ ఎవరూ తాగని అంచు బంగారు గ్లాసులు, అచ్చం మన షోకేసులాగే. రేడియో, రికార్డు ప్లేయరు కలిసి ఉన్న పొడవాటి చెక్కపెట్టె, దాని పేరు రేడియోగ్రామ్ అని మార్షా చెప్పింది. దాని మీద రెండు గాజు చేపలు. ప్రతి వస్తువు కిందా ఒక క్రోషా అల్లిక. ఆ అల్లికల అంచుల్ని పంచదార నీళ్ళలో ముంచి బిరుసెక్కించి పువ్వు రేకుల్లా నిలబెట్టారు. తెల్లటి జాలీ కర్టెన్‌లోంచి ఎండ మెల్లగా వస్తుంటే, గాజు చేపల నీడలు గోడ మీద నారింజ రంగులో కదులుతున్నాయి. టేపు చేతిలో ఉన్న సంగతి మర్చిపోయి ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

"ఈ గది మొత్తం బర్మింగ్‌హామ్ నుంచి ఓడలో వచ్చింది," అంది మార్షా. "బట్టలు రెండు సూట్‌కేసులే తెచ్చుకుంది. గది మాత్రం కంటెయినర్‌లో వచ్చింది. ఇక్కడ కూర్చోదు కూడా, తుడుస్తుంది అంతే. కూర్చునేదంతా వంటింట్లోనే."

ఆ మాట వినగానే నా బుర్రలో లెక్క తేలిపోయింది. వాడకం లేని గది, షవరు పక్కనే, వాకర్ తిరగడానికి కావలసినంత చోటు. మా వృత్తిలో సింగిల్ లెవెల్ లివింగ్ అంటాం. మెట్ల జోలికి పోకుండా కింది అంతస్తులోనే బతుకు సర్దేయడం. సోఫా తీసేసి హాస్పిటల్ బెడ్ వేస్తే ఆవిడ పదిరోజుల్లో ఇంట్లో ఉంటారు.

"అమ్మ ఒప్పుకోదేమో," అని మార్షా నసిగింది.

"మొదట అందరూ అలాగే అంటారు. మంచం చూశాక వాళ్ళే సర్దుకుంటారు," అన్నాను. ఎంత ధీమానో నాకు!

ఆ ధీమా ఎక్కడిదో చెప్పాలి. మా నాయనమ్మ చివరి ఆరేళ్ళూ హాల్లో నవారు మంచం మీదే ఉంది. వచ్చేపోయే వాళ్ళందరినీ పలకరించేది, పోస్టుమాన్‌ను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించేది. ముసలివాళ్ళను చీకటి గదిలో పడేస్తే తప్పుగాని, నట్టింట్లో మంచం వేస్తే అంతకంటే గౌరవం ఏముంది? మిస్ పెర్ల్‌కు నేను మేలే చేస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్మాను. వార్డులో ఆవిడకు చెప్పాను కూడా. "వద్దు," అన్నారు. ఎందుకు వద్దని నేను అడగలేదు. మార్షా, వాళ్ళాయన కలిసి సామానంతా గరాజ్‌లోకి చేర్చారు. మంచం వచ్చింది.

నాలుగురోజుల తర్వాత ఆవిడను ఇంటికి తీసుకెళ్ళి చూపించాం. ఇలా పేషెంట్‌తో కలిసి వెళ్ళే హోమ్ విజిట్‌లో వాళ్ళు ఇంట్లో ఎలా తిరుగుతారో చూసి రాసుకుంటాం. ఆవిడ ఆ రోజు వార్డు గౌను వద్దని, నీలం కోటు, టోపీ వేసుకుని వచ్చారు. గుమ్మం దాటి, నడవాలో వాకర్‌తో నాలుగడుగులు వేసి, ముందుగది తలుపు దగ్గర ఆగిపోయారు.

"ఎవరిదా మంచం?"

"మీదే మిస్ పెర్ల్. చూడండి, బటన్ నొక్కితే పైకి లేస్తుంది." నొక్కి చూపించాను కూడా, నా తెలివి తగలెయ్య. మంచం జుయ్యిమంటూ ఖాళీ గదిలో పైకి లేచింది.

"నా కుర్చీలేవి?"

"గరాజ్‌లో జాగ్రత్తగా ఉన్నాయమ్మా," అంది మార్షా.

ఆవిడ లోపలికి అడుగు పెట్టలేదు. మేం నేర్పినట్టే చిన్న చిన్న అడుగులతో వాకర్ వెనక్కి తిప్పుకున్నారు. "కారెక్కించు మార్షా. ఆస్పత్రికి వెళ్దాం. అక్కణ్ణుంచి వాళ్ళు ఏ ముసలివాళ్ళ హోముకు పంపితే అక్కడికి వెళ్తాను. ఆ గదిలో మంచం మీద మాత్రం పడుకోను."

వార్డుకు వచ్చాక మార్షా నన్ను కారిడార్‌లో పట్టుకుని ఏడ్చేసింది. "హోములో అమ్మ నెల తిరగకుండా పోతుంది పద్మా. మా ఇంటికి రమ్మన్నా రాదు. చేతికి పని లేకపోతే ఆవిడ బతకదు. ఏదైనా చెయ్యి." నేనేం చెయ్యను? వార్డులో మంచం ఇంకో పదిరోజులే ఇస్తామన్నారు. ఈలోగా ఆవిడ కింది గదిలో పడుకోవడానికైనా ఒప్పుకోవాలి, రెస్ట్ హోమ్ కాగితాల మీదైనా సంతకం పెట్టాలి. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. ఇంత మంచి ఏర్పాటు చేస్తే ఇదేం మొండితనం?

మర్నాడు మధ్యాహ్నం ఆ కాగితాలు పట్టుకుని వెళ్ళాను. ఆవిడ మా వార్డు చివర అద్దాల గదిలో ఎండకు కూర్చుని ఉన్నారు. ఆ రోజు నార్‌వెస్టర్ వీస్తోంది. కొండల అవతలి నుంచి వచ్చే వేడిగాలి అది, చలికాలం నడుమ ఒక్కరోజు ఎండాకాలాన్ని తెచ్చి పడేసి పోతుంది. అందరూ మత్తుగా ఉన్నారు. ఆవిడ కళ్ళు మూసుకునే "ఏం కాగితం అది?" అన్నారు.

"మామూలు ఫారమే."

"మామూలు ఫారాలు నాకు తెలుసు. నాతోపాటు ఓడలో వచ్చినవాళ్ళలో ఒకాయన యాభై ఏళ్ళు ఇంగ్లండులో పనిచేశాడు, పన్నులు కట్టాడు. ముసలాడయ్యాక, నువ్విక్కడివాడివేనని రుజువేది, ఏడాదికొక్క కాగితం చూపించు అన్నారు. పాపం, పాత జీతం చీటీల కోసం మంచాల కింద వెతుక్కున్నాడు."

"మరి మొదట వీసా మీదే వెళ్ళారు కదా?"

ఆవిడకు నవ్వొచ్చింది. "వీసా ఏమిటి? మా దేశం అప్పటికి వాళ్ళ పాలనలోనే ఉంది. మేం బ్రిటిష్‌వాళ్ళమే అనుకుని వెళ్ళాం. బడిలో రాణి పుట్టినరోజుకు జెండాలు ఊపినవాళ్ళం. ఆస్పత్రులకు మనుషులు కావాలి రండి రండి అన్నారు. పంతొమ్మిదేళ్ళదాన్ని, తెల్ల గ్లవ్స్ వేసుకుని ఓడెక్కాను. దిగాక తెలిసింది, మేం వాళ్ళవాళ్ళమన్న సంగతి అక్కడివాళ్ళకు ఎవరూ చెప్పలేదని."

నేను ఫారం బోర్లా పెట్టి కూర్చున్నాను.

"ఎక్కడ కూర్చున్నావు?" అన్నారు, కళ్ళు తెరవకుండానే.

"కుర్చీలో."

"నేను చెప్పే గదిలో కుర్చీ లేదు."

తర్వాత గంటసేపు ఆవిడ గొంతు గాలితో కలిసి అలా వినిపిస్తూనే ఉంది. మధ్యమధ్య నిద్రపోతున్నారా అనిపించేది, మళ్ళీ మొదలయ్యేది. బర్మింగ్‌హామ్‌లో కిటికీల మీద అద్దెగది కాగితాలు. కొన్నిటి మీద నల్లవాళ్ళకు ఇవ్వమని రాసి ఉండేదట. అప్పటికి దాన్ని ఆపే చట్టం లేదు. రాయనివాళ్ళు తలుపు తీసి, ముఖం చూసి, ఇప్పుడే ఇచ్చేశామనేవాళ్ళు. ఆస్పత్రిలో కూడా తెల్లపిల్లలకు పెద్ద నర్సు కోర్సు, ఈవిడకు చిన్న కోర్సు. బస్సు కండక్టరు క్లైడ్‌ను పెళ్ళి చేసుకున్నాక చివరికి ఒక్క గది దొరికింది. అందులో ఒక మంచం, సొరుగుల బల్ల, కిరోసిన్ హీటరు. వంట మెట్ల మలుపులో నలుగురితో పంచుకునే పొయ్యి మీద. పిల్ల పుట్టింది, సొరుగు బయటికి లాగి అందులో పడుకోబెట్టారు. ఆరేళ్ళు అక్కడే.

"పాస్టర్ గారు వస్తే మంచం మీద కూర్చునేవారు. క్లైడ్ స్నేహితులొస్తే మంచం మీదే. మార్షా పుట్టినప్పుడు మా వార్డు హెడ్ నర్సు చూడ్డానికి వచ్చింది. చుట్టూ చూసింది. కోటు విప్పలేదు. మంచం మీద కూర్చోవడం ఇష్టం లేక ఉన్నంతసేపూ నిలబడే ఉంది. మనం పడుకునే పక్క మీద బయటివాళ్ళను కూర్చోమనాలి, చూడు, అది ఎలా ఉంటుందో నీకు తెలియదు."

తెలియదని ఒప్పుకున్నాను.

"మా దేశంలో ఎంత చిన్న చెక్క ఇల్లయినా ముందుగది ఒకటి ఉంటుంది. ఉన్నవాటిలో మంచివన్నీ అక్కడ పెడతాం. అమ్మ ఉత్తరం రాయించింది, పెర్ల్, నీకు ముందుగది ఉందా అని. ఉందని రాశాను. కుర్చీలు ఏ రంగు అని అడిగింది. మెరూన్ అని రాశాను. తర్వాతి ఉత్తరంలో అద్దాల బీరువా పెట్టాను. దాని తర్వాత రేడియోగ్రామ్. తర్వాత గాజు చేపలు. డ్యూటీనుంచి వచ్చి, పిల్లను సొరుగులో పడుకోబెట్టి, కళ్ళు మూసుకుని ఆ గదిలోకి వెళ్ళి కూర్చునేదాన్ని. కర్టెన్ కొద్దిగా జరిపేదాన్ని, ఎండ ఎక్కువైతే సోఫా రంగు వెలిసిపోతుందని."

ఆవిడ చెయ్యి నిజంగానే గాల్లో కర్టెన్ జరిపింది.

"ఇల్లు కొనుక్కున్నాక ఉత్తరాల్లో రాసిన వరసలోనే ఒక్కొక్కటీ కొన్నాం. అంతా అయ్యేసరికి పదకొండేళ్ళు. అప్పుడు ఫోటో తీసి పంపాం. నువ్వు రాసినట్టే ఉందే అని అమ్మ జవాబు రాయించింది." ఆవిడ కళ్ళు తెరిచి నావైపు చూశారు. "ఇప్పుడు ఆ గదిలో నువ్వు మంచం వేశావు."

ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది మిస్ పెర్ల్ గది కాదు, ఒంగోల్లో మా ఇంటి వెనక పోర్షన్. నాకు నోరు ఊరుకోదు. ఆవిడకు చెప్పేశాను.

నేను తొమ్మిదో తరగతి. పోర్షన్ ఖాళీ అయితే గేటుకు టులెట్ బోర్డు పెట్టాం. దాని మీద ఎవరికి ఇవ్వమో రాయలేదు. మాకు రాసే అవసరం లేదు, అడిగేవాళ్ళం. ప్రభుత్వాసుపత్రిలో కొత్తగా చేరిన నర్సు ఒకావిడ వచ్చింది. తెల్లచీర, భుజాన సంచి. అమ్మ మంచినీళ్ళిచ్చింది, ఊరు అడిగింది, తర్వాత "మీరేవిట్లమ్మా?" అంది. ఆవిడ తన కులం చెప్పింది. "అయ్యో, పొద్దున్నే ఇంకొకళ్ళకు మాటిచ్చేశామే," అంది అమ్మ. ఎవరికీ ఇవ్వలేదు. ఆవిడ తాగిన గ్లాసు రెండురోజులు పెరట్లో బావి గట్టు మీదే ఉంది. నేను పక్కన అరుగు మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను.

కులమంటే ఏమిటో ఆవిడకు విప్పి చెప్పాల్సి వస్తుందనుకున్నాను. అవసరం పడలేదు. "ఆ పిల్ల తర్వాత ఎక్కడ ఉంది?" అని మాత్రం అడిగారు.

"తెలియదు."

"తెలుసుకోవాలనిపించలేదా?"

"లేదు మిస్ పెర్ల్."

"అంతే. తలుపు వేసినవాళ్ళకు ఏమీ తెలియదు. నాకు మాత్రం ఇప్పటికీ ఏ వీధిలో ఏ తలుపు ఏ రంగో తెలుసు." కోపంగా అనలేదు, ఎండకు కళ్ళు చికిలించి మామూలుగా అన్నారు. ఫారం మడిచి జేబులో పెట్టుకుని లేచాను.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి మార్షా దగ్గర తాళం తీసుకుని ఆ గరాజ్‌కి వెళ్ళాను. ఎందుకంటే చెప్పలేను. సోఫా నిలువుగా గోడకు ఆనించి ఉంది. బీరువా మీద పాత దుప్పటి. గాజు చేపలు వార్తాపత్రికల్లో చుట్టి అట్టపెట్టెలో. అల్లికలు ఒకదాని మీద ఒకటి పడి అణిగిపోయాయి. దుప్పటి తీసి ఒక్కొక్కటే ఎత్తి చూస్తుంటే, ఎవరో వాళ్ళమ్మకు రాసుకున్న ఉత్తరాల్ని దొంగచాటుగా చదువుతున్నట్టనిపించింది. సిమెంటు నేల మీద కాసేపు కూర్చుని ఏడ్చాను.

ముందుగది ముందుగదిగానే ఉండాలంటే ఇక మిగిలింది మెట్లే. మర్నాడు మీటింగులో ఆ మాట అంటే మా ఫిజియో టామ్ నవ్వేశాడు. "పద్నాలుగు మెట్లా? ఎనిమిది రోజుల్లోనా? నిన్నటిదాకా మెట్లు వద్దన్నది నువ్వే కదా."

"అన్నాను. అది నా తప్పు. రోజుకు ఒక్కసారి దిగడం, ఒక్కసారి ఎక్కడం, అంతే. రెండో పక్క కూడా పట్టుకోవడానికి రెయిల్ వేయిస్తాను. ఇంటి ఓనరుతో నేను మాట్లాడతాను."

"పడితే?"

"పడొచ్చు. ఆవిడకు ఆ సంగతి చెప్పి, తెలుసని రాయించుకుంటాను. హోములో పడరని నువ్వు రాసిస్తావా?"

టామ్ మంచివాడు. ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాడు. మా జిమ్‌లో ప్రాక్టీసుకు చెక్క మెట్లు మూడుంటాయి. ఎక్కితే పైన ఏమీ ఉండదు, గోడే. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందు, ఇదొక్కటే సూత్రం. మొదటిరోజు ఆవిడ ఒక్క మెట్టెక్కి చెమటలు పట్టి కూర్చుండిపోయారు. మూడోరోజు మూడూ ఎక్కారు. ఎక్కుతూ పెదాలు కదుపుతున్నారు. ప్రార్థన అనుకుని దగ్గరికెళ్ళి విన్నాను. "సోఫా. బీరువా. రేడియోగ్రామ్." దిగి మళ్ళీ ఎక్కారు. "చేపలు. గ్లాసులు. క్లైడ్ ఫోటో." ఆవిడ కళ్ళు సగం మూసి ఉన్నాయి. ఏ మెట్లు ఎక్కుతున్నారో ఆవిడకే తెలియాలి.

తొమ్మిదోరోజు ఇంటికి తీసుకెళ్ళాం. రెయిల్ వేయించాం. మంచం వెనక్కి పంపేశాం. మార్షా సామానంతా తిరిగి సర్దింది. మిస్ పెర్ల్ ముందుగది తలుపు సందులోంచి ఒక్కసారి చూసి, మెట్ల దగ్గరికి వచ్చారు. ఆవిడ వెనక టామ్, కింద నేను. పడబోతే తప్ప ముట్టుకోకూడదన్నది మా నియమం. ఎనిమిదో మెట్టు దాకా బాగానే వెళ్ళారు. తొమ్మిదో మెట్టు మీద మోకాలు వణకడం మొదలైంది. ఆగిపోయారు. మార్షా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టామ్ చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది.

"ముట్టుకోకు," అన్నారు ఆవిడ వెనక్కి తిరక్కుండానే. "ఎక్కడున్నానో గుర్తు చేసుకుంటున్నాను."

తర్వాత మెల్లగా ఆ గొంతు వినిపించింది. "కర్టెన్లు." తొమ్మిది నుంచి పదికి. "గోడ గడియారం." పదకొండు. పద్నాలుగో మెట్టెక్కాక ఆవిడ తన పడగ్గది గుమ్మం పట్టుకుని నిలబడి, కిందికి చూసి, "ఇప్పుడు రాసుకో అమ్మాయీ నీ కాగితం," అన్నారు.

రాశాను. పడగ్గది పైనే ఉంటుందని, ముందుగది ఉన్నది ఉన్నట్టే ఉండాలని. కారణం అన్న చోట ఏం రాయాలో తోచక, "ఈ గదిలో ఆవిడ వచ్చినవాళ్ళను కూర్చోబెడతారు," అని రాసి సంతకం పెట్టాను. తర్వాత మా టీమ్ లీడర్ అది చదివి అలాగే ఫైల్లో పెట్టింది.

ఆవిడ దిగి వచ్చి, మార్షాను వంటింట్లోకి పంపి, నావైపు తిరిగారు. "నువ్వు బయటికెళ్ళి బెల్లు కొట్టు."

"ఎందుకు మిస్ పెర్ల్?"

"ఇప్పటిదాకా ఉద్యోగం మీద వచ్చావు. ఇప్పుడు మామూలుగా రా."

టామ్ నవ్వుతూ కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను బయటికెళ్ళి బెల్లు కొట్టాను. ఆవిడే తలుపు తీసి, నా కోటు అడిగి తీసుకుని, ముందుగదిలోకి తీసుకెళ్ళారు. ఆవిడకు సోఫా మరీ కిందికి ఉంటుందని ముందురోజే ఒక కుర్చీ కాళ్ళ కింద దిమ్మలు పెట్టి ఎత్తు చేశాను. ఆ దిమ్మలు కనిపించకుండా మార్షా అల్లిక ఒకటి వేలాడదీసింది. నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని సోఫా అంచున కూర్చున్నాను. ప్లాస్టిక్ కిర్రుమంది. మార్షా అల్లం పానకంలాంటిది అంచు బంగారు గ్లాసుల్లో తెచ్చింది.

"వెనక్కి ఆనుకుని కూర్చో," అన్నారు మిస్ పెర్ల్. "నా ఇంటికి వచ్చినవాళ్ళు మంచం అంచున కూర్చున్నట్టు కూర్చుంటే నాకు నచ్చదు."

ఆనుకుని కూర్చున్నాను. ఎండ మెల్లగా చేపల మీదికి వచ్చింది. బహుశా ఆవిడ కాస్త కునుకు తీశారు. నాకు లేవాలనిపించలేదు.

ఆ తర్వాత నేను ఏ ఇంటికి వెళ్ళినా టేపు తీసే ముందు ఒక మాట అడుగుతాను, ఈ గదిలో ఎవరు కూర్చుంటారు, ఏం చేస్తారు అని. ఫారంలో ఆ ప్రశ్న లేదు. జవాబులు మాత్రం చాలా వస్తాయి. అయితే ఈ పాఠం నాకు నిజంగా ఒంటబట్టింది వార్డులో కాదు.

అప్పటికి మా అమ్మ ఒంగోలు నుంచి మా దగ్గరికి వచ్చి ఎనిమిది నెలలు. ఆ వారాంతం ఆవిడకు మిస్ పెర్ల్ సంగతంతా చెప్పాను. నర్సమ్మ సంగతి కూడా ఎత్తాను. అమ్మ చిక్కుడుకాయలు వలుస్తున్నదల్లా ఆగింది. "ఆ రోజుల్లో అట్టా ఉండేదిలే," అంది. మళ్ళీ కాయ అందుకుని, "నెమ్మదైన పిల్ల, పాపం," అంది. దాంతో మా ఇద్దరికీ ఏమీ తేలిక పడలేదు.

లేచి వెళ్ళబోతూ, ఎందుకో ఆగి అడిగాను. "అమ్మా, నీకు ఇక్కడ బాగానే ఉందా? ఈ మంచం, ఇక్కడ వెయ్యడం?"

మా ఇంట్లో అమ్మ మంచం హాల్లోనే ఉంది. టీవీ ఎదురుగా, హీటరు పక్కన. నేనే వేశాను, ఎంతో ఆలోచించి. ఆవిడను ఒక్కమాట అడగలేదు.

"బాగోకేందే," అంది. ఇంకో రెండు కాయలు వలిచింది. "బానే ఉంది. కాకపోతే తలుపున్న గదైతే చీర మార్చుకోను బాగుంటది. అల్లుడు ఇంట్లో ఉంటాడు గదా, నేను బాత్రూములో మార్చుకుంటన్నా. తడి నేల మీద కుచ్చిళ్ళు తడుస్తయి."

"ఎనిమిది నెలల్నించా అమ్మా? చెప్పొచ్చు కదా!"

"నువ్వు అడగలా," అంది అమ్మ.

మా ఆయన స్టడీ రూముకు తలుపుంది. అందులోని కంప్యూటర్ బల్లను ఆ మధ్యాహ్నమే హాల్లోకి జరిపాం.